యుద్ధమొచ్చిందని కార్టూన్ మానేయమంటారా?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీరు వేసిన కార్టూన్ మీద ఈ వారమంతా తిట్టు ఉత్తరాలే వేస్తున్నారు. తిట్టేవాళ్ళకి చోటివ్వడం మంచిదే, నేనేం కాదనను, కానీ అవతలి మాట ఒక్కటీ కనబడకపోయేసరికి ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది. చోటు లేకపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి, రొయ్యల సంగతి మాత్రం ఉంచండి.

చూడని వాళ్ళ కోసం బొమ్మ ఏమిటో చెప్పాలి. ప్రహరీ గోడకి అటొక నాయకుడు ఇటొక నాయకుడు తొడలు కొడుతూ నిలబడ్డారు. గోడ మీద కోటు వేసుకున్న మూడో పెద్దమనిషి దర్జాగా కూర్చుని ఇద్దరికీ చెరో కర్ర అమ్మి బిల్లు రాస్తున్నాడు. కింద మాటలేమీ లేవు. ఇంతే. దీనికి మన నాయకుణ్ణీ శత్రువునీ ఒకే ఎత్తులో గీస్తారా అని ఒకాయన మండిపడ్డారు, సైనికుల మనోబలం దెబ్బతింటుందని ఇంకొకాయన, సరిహద్దుకి ఎంతో దూరాన చెన్నైలో కూర్చుని కాఫీ తాగేవాళ్ళకి యుద్ధం నవ్వులాటగా ఉందని ఒకావిడ. పొరుగు దేశంతో ఈ టెన్షన్ తగ్గేదాకా విదేశాల వ్యవహారాల మీద కార్టూన్లే వేయొద్దని అందరూ కలిసి అడిగేది.

మామూలు రోజుల్లో కార్టూన్ లేకపోయినా పేపర్ నడిచిపోతుందండీ. రోడ్డు గుంతల మీద, ఎమ్మెల్యే పార్టీ మారడం మీద జోకు ఎవరైనా వేయగలరు, వాట్సాప్ నిండా అవే. టీవీ ఛానళ్ళన్నీ సైరన్ మోత పెట్టి ఒకే గొంతుతో అరుస్తున్నప్పుడే కార్టూనిస్టుకి అసలు పని పడేది. సరిగ్గా అప్పుడే ఆయన్ని సెలవు పెట్టుకోమంటే ఎలా?

ఒకే ఎత్తు సంగతి చూద్దాం. 1962 అక్టోబరులో క్యూబాలో రష్యా క్షిపణులు పెట్టిందని అమెరికా ఓడలు అడ్డం నిలబడి, ప్రపంచం అంతా ఇవాళో రేపో అణుబాంబు పడుతుందని వణికిన రోజులవి. ఆ గండం గడిచీ గడవకముందే, నవంబరు 1న వాషింగ్టన్ పోస్ట్‌లో హెర్బ్‌లాక్ ఒక బొమ్మ వేశాడు. పెద్ద పెట్టె, లోపల అణుయుద్ధమనే రాక్షసి మూత తోసుకుని బయటికి వస్తోంది, అమెరికా అధ్యక్షుడు కెనడీ, రష్యా నాయకుడు క్రుశ్చేవ్ ఇద్దరూ ఒంట్లో ఉన్న బరువంతా వేసి మూత నొక్కుతున్నారు, దీనికో తాళం చూద్దాం అని కింద మాట. అమెరికా రాజధానిలో అచ్చయ్యే పేపర్ అది. సొంత అధ్యక్షుణ్ణి శత్రువు పక్కనే, అదే సైజులో, అదే చెమటతో గీసింది. దానికి మూడు రోజుల ముందు లండన్ డైలీ మెయిల్‌లో ఇల్లింగ్‌వర్త్ ఇద్దరినీ చెరో బాంబు మీద కూర్చోబెట్టి చేయి చేయి పట్టుకుని బలప్రదర్శన చేయించాడు, రెండో చెయ్యి మాత్రం ఎదుటివాడి బాంబు మీట మీద. నాయకుల్ని ఒకే ఎత్తులో గీసేది ఇద్దరూ సమానంగా మంచివాళ్ళో చెడ్డవాళ్ళో అని చెప్పడానికి కాదు, బాంబు పడితే రెండు పక్కలా చచ్చేది ఒకేలాగ అని చెప్పడానికి. ఆ మాత్రం తెలియకుండా స్కేలు పెట్టి కొలిచేవాళ్ళకి ఏం చెబుతాం.

పైగా సరిగ్గా అవే రోజుల్లో మనకి చైనాతో యుద్ధం నడుస్తోంది, అక్టోబరు 20న మొదలై నవంబరు 21 దాకా. చలికోట్లు కూడా సరిగ్గా లేని జవాన్లని హిమాలయాలెక్కించారని దేశమంతా అడిగింది, యుద్ధం ముగియకముందే రక్షణ మంత్రి కృష్ణ మీనన్ పదవి పోయింది, వాజ్‌పేయి లాంటి వాళ్ళు సమావేశం పెట్టి తీరాలంటే నవంబరు 8న నెహ్రూ పార్లమెంటు పెట్టారు కూడా. యుద్ధం అయ్యాక అడుగుదాం లెండి అని ఎవరూ నోరు మూసుకోలేదు. ఇప్పుడు నాలుగు గీతల కార్టూన్‌కి కొంప మునుగుతుందట.

మనోబలం మాటకి వస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో బిల్ మాల్డిన్ అనే కుర్రాడు తనే సైన్యంలో ఉంటూ సైనికుల పేపర్‌లో కార్టూన్లు గీసేవాడు. విల్లీ, జో అని ఇద్దరు సిపాయిలు, మాసిన గడ్డాలు, బురద, తడిసిన బూట్లు, పైన ఆఫీసర్ల మీద సెటైర్లు. జనరల్ ప్యాటన్‌కి అది చూస్తే ఒళ్ళు మండేది, పిలిపించి మరీ గడ్డి పెట్టాడు. ఆయన పైనున్న జనరల్ ఐసెన్‌హోవర్ మాత్రం ఆ కుర్రాడి జోలికి పోనివ్వలేదు. 1945లో పులిట్జర్ బహుమతి వచ్చేనాటికి అతనికి పాతికేళ్ళు కూడా లేవు. కందకంలో ఉన్న సిపాయిలు ఆ బొమ్మలు కత్తిరించి దాచుకున్నారు, మనోబలం గురించి కంగారుపడింది జనరల్‌గారొక్కరే. మీ కార్టూన్ నేను ఆవడిలో ఉండే మా వియ్యంకుడికి చూపించాను, ఆయన ఆర్మీలో సర్వీసు పూర్తిచేసి వచ్చినవాడు. కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చూసి, "బిల్లులో జీఎస్టీ వేశాడా బావగారూ?" అన్నాడు. ఆయన మనోబలానికేమీ కాలేదు, టిఫిన్ కూడా బాగానే తిన్నాడు.

ఇక చెన్నైలో కూర్చున్నవాళ్ళకి యుద్ధమంటే తెలియదన్న ఆవిడకి ఒక్క మాట. అమ్మా, 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ల ఎమ్డెన్ నౌక ఈ ఊరి హార్బర్ దగ్గరికే వచ్చి చమురు ట్యాంకుల్ని కాల్చి పోయింది, ఆ దెబ్బకి జనం మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలి పరుగెత్తారు. హైకోర్టు ఆవరణలో దాని గుర్తుగా ఫలకం ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడండి. అంతెందుకు, 2025 మే 7న దేశమంతా మాక్ డ్రిల్ అన్నప్పుడు ఇక్కడ పోర్టులోనూ, కల్పాక్కంలోనూ సైరన్ మోగించారు కదా. అణు విద్యుత్ కేంద్రాన్ని పక్కన పెట్టుకుని బతికే ఊరికి యుద్ధం దూరమని ఎవరన్నారు?

ఇప్పుడు మీకు, అంటే సంపాదకులకి చెప్పాల్సింది. డేవిడ్ లో అని న్యూజిలాండ్ నుంచి లండన్ వెళ్ళిన కార్టూనిస్టు ఉండేవాడు, ఈవెనింగ్ స్టాండర్డ్‌లో గీసేవాడు. మన ఆర్.కె. లక్ష్మణ్ చిన్నప్పుడు మైసూరులో హిందూ పేపర్‌లో ఆయన బొమ్మలు చూసి, సంతకం సరిగ్గా అర్థం కాక ఈయన పేరు 'కౌ' అనుకునేవాడట, ఆవన్నమాట. ఆ డేవిడ్ లో హిట్లర్‌ని రాక్షసుడిలా గీయలేదు. ఒక వెర్రివాడిలాగ, పొగరుబోతు బఫూన్‌లాగ గీశాడు. రాక్షసుడిలా గీసి ఉంటే హిట్లర్ మురిసిపోయేవాడు, నవ్వులాట చేసేసరికి జర్మన్లకి కాలింది. 1937లో బ్రిటన్ మంత్రి హాలిఫాక్స్ జర్మనీ వెళితే అక్కడ హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ ఈ కార్టూన్ల మీద గోల పెట్టాడు, వెనక్కొచ్చాక కొంచెం తగ్గించమని డేవిడ్ లోకి కబురందింది. విదేశాంగానికి ఇబ్బంది, శాంతికి భంగం, అవే మాటలు, మీకు వస్తున్న ఉత్తరాల్లో ఉన్నవే. ఆయన కొన్నాళ్ళు తగ్గాడు, హిట్లర్నీ ముసోలినీనీ కలగలిపి మజ్లర్ అని ఒక బొమ్మ మనిషిని పుట్టించి గీశాడు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని మింగేశాక ఆ ముసుగు తీసి అవతల పారేశాడు.

1939 సెప్టెంబరు 20న వచ్చిన బొమ్మ అయితే ఇవాళ్టికీ పుస్తకాల్లో పాఠం. పోలెండ్‌ని చెరో పక్కనుంచి పంచుకున్న హిట్లర్, స్టాలిన్ ఎదురెదురుగా నిలబడి టోపీలు తీసి మహా మర్యాదగా వంగి నమస్కరించుకుంటున్నారు, నోటితో మాత్రం పచ్చి బూతులకి తక్కువ కాని పలకరింపులు, మధ్యలో నేల మీద ఒక శవం. దౌత్యమంటే ఏమిటో అరపేజీ సంపాదకీయం చెప్పలేనిది అందులో ఉంది. ఏమనుకోకండి, మీ సంపాదకీయాలు నేను చదువుతాను, కానీ 'ఇరు పక్షాలు సంయమనం పాటించాలి' అన్న వాక్యం చదివాక ఏ రోజుదో తేదీ చూసుకుంటే తప్ప తెలియడం లేదు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ పేపర్ యజమాని సంగతి. లార్డ్ బీవర్‌బ్రూక్ హిట్లర్‌తో సర్దుకుపోదామనే మనిషి. డేవిడ్ లో గీసేది దానికి పూర్తిగా అడ్డం. అయినా ఏం గీయాలో నీ ఇష్టం అని ఒప్పందంలో రాసిచ్చాడు కాబట్టి తన పేపర్‌లో తన మీదే వేసిన బొమ్మలు కూడా నోరు మూసుకుని అచ్చేశాడు. మన దగ్గర ఏ యజమాని అలా రాసిచ్చాడో నాకు తెలియదు, ఉంటే మాత్రం పేరు చెప్పండి, వెళ్ళి దండ వేసొస్తాను.

మా ఊళ్ళోనే జరిగిన దాని గురించి మీ పేపర్‌లో పెద్దగా రాసినట్టు నాకు గుర్తులేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది, మనవాళ్ళని 104 మందిని అందులో చేతులకీ కాళ్ళకీ సంకెళ్ళు వేసి తీసుకొచ్చారు. ప్రధానిగారు వాషింగ్టన్ వెళ్ళబోతున్నారు. అప్పుడు తమిళ పత్రిక వికటన్ వాళ్ళ ఆన్‌లైన్ పత్రిక, ట్రంప్ పక్కన ప్రధాని సంకెళ్ళతో కూర్చున్నట్టు ఒక కార్టూన్ వేసింది. దాని మీద ఫిర్యాదులు వెళ్ళాయి, ఫిబ్రవరి 15న చూస్తే మొత్తం వికటన్ సైటే తెరుచుకోవడం లేదు. ఒక్క బొమ్మ కోసం వంటలూ కథలూ సినిమా వార్తలూ అన్నీ కలిపి మూసేయడం, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే. వాళ్ళు మద్రాస్ హైకోర్టుకి వెళితే మార్చి 6న కోర్టు, ఆ బొమ్మ ఒక్కటి ప్రస్తుతానికి తీసేయండి, సైటుని తెరవండి అని చెప్పింది. తమాషా ఏమిటంటే అసలు ఆ కార్టూన్ నేను చూసింది సైట్ మూసేశాకే, మా పెరంబూరు వాకింగ్ గ్రూపులో ఒకేరోజు నలుగురు పంపించారు.

ఇదేదో ఒక పార్టీ మీద పడి ఏడవడం అనుకోకండి. 1987లో ఇదే వికటన్ కవర్ మీద జేబుదొంగలా ఉన్నవాడు ఎమ్మెల్యే, ముసుగు దొంగలా ఉన్నవాడు మంత్రి అని జోకు వేస్తే తమిళనాడు అసెంబ్లీ ఎడిటర్ బాలసుబ్రమణియన్‌ని మూడు నెలలు జైలన్నది. దేశమంతా గోల చేస్తే రెండు మూడు రోజుల్లో వదిలేశారు. తర్వాత కోర్టు ఇప్పించిన వెయ్యి రూపాయల పరిహారాన్ని ఆయన ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. అప్పుడు ఏలిన పార్టీ వేరు, ఇప్పుడు వేరు.

అలాగని కార్టూన్ పేరుతో ఏది గీసినా సరేనని నేననడం లేదు. 2014 సెప్టెంబరులో మన మంగళయానం అంగారకుడి దగ్గరికి చేరినప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో ఒక కార్టూన్ వచ్చింది, ఆవుని పట్టుకుని తలపాగా రైతు తలుపు కొడుతుంటే లోపల కోట్లు వేసుకున్న పెద్దవాళ్ళ అంతరిక్ష క్లబ్బు. మనవాళ్ళకి కోపం వచ్చింది, రావాల్సిందే, ఆ పేపర్ క్షమాపణ కూడా చెప్పింది. అక్కడ గీసినవాడి వేలు గవర్నమెంటు వైపు లేదు, పేదరికం వైపు ఉంది. అంతకన్నా దారుణం పిల్లల పుస్తకాలతో పేరుపడ్డ డాక్టర్ స్యూస్‌ది. హిట్లర్ మీద ఎంత గొప్పగా గీశాడో, 1942 ఫిబ్రవరి 13న అంత నీచమైన బొమ్మ వేశాడు. అమెరికాలో ఉండే జపాన్ జాతి వాళ్ళంతా వరస కట్టి పేలుడు మందు పొట్లాలు తీసుకుంటున్నట్టు, అందరికీ ఒకటే మొహం. వారం తిరక్కుండా అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది, లక్షా ఇరవై వేల మంది దాకా ఇళ్ళూ కొట్లూ వదిలేసి క్యాంపుల్లో పడ్డారు. కార్టూన్ వల్లే ఉత్తర్వు వచ్చిందని ఎవరూ అనరు. కానీ జనం దాన్ని మామూలుగా తీసుకునేలా చేసిన వాటిలో ఇలాంటి బొమ్మలు కూడా ఉన్నాయి.

మీ పేపర్‌ని కూడా ఇక్కడ వదలను. ఆ గోడ కార్టూన్ మీద పాఠకులు ఇంత రభస చేశారే, అంతకు ముందు అవతలి దేశం నాయకుడికి చీర కట్టి గాజులు తొడిగిన బొమ్మ వేశారు, దాని మీద ఒక్క ఉత్తరం రాలేదు. గాజులు తొడుక్కోవడం పిరికితనమైతే ఆర్మీలో, ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేస్తున్న ఆడపిల్లల్ని ఏమనాలి? ఇంకొకటి, మనమెప్పుడూ పులి, వాళ్ళెప్పుడూ ఎలుక. గడ్డం, టోపీ పెడితే చాలు విలన్ తయారు. ఆ గడ్డం టోపీ మనిషి మా వీధిలో సైకిల్ రిపేర్ చేస్తాడండీ, వాళ్ళ అబ్బాయి పొద్దున్నే మీ పేపర్ వేసేది కూడా. నాయకుల ముక్కులు ఎంత సాగదీసినా నాకు అభ్యంతరం లేదు, అందుకే జీతమిస్తున్నారు. దేశం పేరు చెప్పి ఆ దేశంలోని మనుషుల్ని, లేదా ఆ మతంలోని మనుషుల్ని గీయడం మొదలుపెడితే మాత్రం నేనూ ఆ తిట్టు ఉత్తరాల జట్టులో చేరతాను.

ఇక రొయ్యలు. నా అసలు ఫిర్యాదు ఇదే. తెలుగు పేపర్లలో విదేశాల మీద కార్టూన్ అంటే ట్రంప్ జుట్టు, పుతిన్ కండలు, డ్రాగన్ తోక. ఇవి ఢిల్లీ వాళ్ళూ గీస్తారు, లండన్ వాళ్ళు ఇంకా బాగా గీస్తారు. తెలుగువాడు కూర్చున్న చోటు నుంచి యుద్ధం ఎలా కనబడుతుందో గీసేవాళ్ళేరీ? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది, అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నామని వేసిన దండగ. గూడూరు అవతల మా బావమరిదికి రెండు రొయ్యల చెరువులున్నాయి. ఉక్రెయిన్ ఎక్కడుందో ఆయనకి మ్యాపులో చూపించినా అక్కర్లేదు, కానీ ఆ యుద్ధం వచ్చి ఆయన చెరువు గట్టు మీద కూర్చుంది. వ్యాపారి ఫోన్ చేసి అమెరికాలో సుంకమట అని వంద కౌంట్‌కి, అంటే కిలోకి వంద తూగే రొయ్యకి, రేటు కోసేశాడు, మేత వాడు మాత్రం పాత రేటే అన్నాడు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు బిల్లు ఆగలేదు. మాస్కోలో చమురు గొట్టం తిప్పితే గట్టు మీద రైతు జేబులోంచి కారుతున్న బొమ్మ ఎంత బాగుంటుంది! నాకు గీత రాదు కాబట్టి ఊరుకున్నాను.

అలాగే మీనంబాక్కం ఎయిర్‌పోర్టుకి రాత్రిపూట వెళ్ళి చూడండి. కడప, రాయచోటి వైపు నుంచి వచ్చి కువైట్ విమానం ఎక్కే ఆడవాళ్ళు బయట బెంచీల మీద అన్నం పొట్లాలు విప్పుకుని కూర్చుని ఉంటారు. 2025 జూన్ 23న ఇరాన్ ఖతర్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు వేసిన రాత్రి గల్ఫ్ దేశాలు కొన్ని గగనతలం మూసేశాయి. మర్నాడు పేపర్లలో క్షిపణుల ఫొటోలు, నాయకుల బొమ్మలే. ఆ ఆడవాళ్ళకి ఇచ్చిన ఉద్యోగం మాట ఏమవుతుంది, ఏజెంటుకి కట్టిన అప్పు ఏమవుతుంది? ఆ సెప్టెంబరులో అమెరికా ఉద్యోగ వీసా హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజన్నప్పుడు మాత్రం అందరూ గీశారు, ఎందుకంటే అది పేపర్ వాళ్ళ ఇళ్ళల్లో పిల్లల సంగతి కూడాను. కోపంగా అంటున్నాననుకోకండి, ఉన్నమాటే.

చెన్నై తెలుగువాళ్ళకి కార్టూన్ గురించి చెప్పాలా? తిరువల్లిక్కేణిలో ఉంటూ తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి 1906 నాటికే ఇండియా పత్రికలో తెల్లవాడి మీద బొమ్మలు వేయించాడు. తలిశెట్టి రామారావుగారి తొలి తెలుగు కార్టూన్లు అచ్చయింది ఇక్కడి నుంచే వచ్చిన పత్రికలో, బాపుగారు కుర్రతనంలో ఆంధ్రపత్రికకి బొమ్మలు వేసిందీ ఈ ఊళ్ళోనే. మా నాన్నగారు ఆ పేపర్ కోసం పోస్టుమాన్ని ఎదురెళ్ళి తెచ్చుకునేవారు, ముందు కార్టూన్, తర్వాతే వార్తలు.

చివరగా ఒక్కటి అడగాలి. మంగళవారం నుంచి మా ఎడిషన్‌లో ఆ చోట కార్టూన్ రావడం లేదు, తిరువళ్ళూరు దగ్గర ప్లాట్ల ప్రకటన వస్తోంది. కార్టూనిస్టుగారికి ఒంట్లో బాగాలేదా, సెలవులో ఉన్నారా, లేక ఈ ఉత్తరాలు చూసి మీరే ఆపించారా? సెలవైతే ఎప్పుడొస్తారో ఒక లైను వేయండి. మీరే ఆపితే ఆ మాట కూడా ఆ చోటే, ప్లాట్ల ప్రకటన పక్కన, మీ పేరు పెట్టి రాయండి. మా షాపు వాడు కూడా అడుగుతున్నాడు.

ఇట్లు,
పెరంబూరు నుంచి ఒక పాత పాఠకుడు,
చెన్నై